చెరిపిన టైపు, మిగిలిన హెచ్చరిక: జావా జెనెరిక్స్ చరిత్రలో ఒక అధ్యాయం

షికాగోకు పడమరన సుమారు ముప్ఫై మైళ్ళ దూరంలో ఉన్న నేపర్‌విల్‌లో లూసెంట్ లేన్ అనే వీధి ఒకటుంది. ఆ పేరు గల కంపెనీ 2006లో అల్కటెల్‌తో కలిసింది. ఆ కలిసిన కంపెనీ 2016లో నోకియా చేతికి వచ్చింది. వీధి పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. లోపలి సరుకు మారినా పైన రాసిన పేరు మారకపోవడం, ఆ పేరును నమ్ముకున్నవాడు చాలా దూరం వెళ్ళాక దెబ్బ తినడం అన్నది సాఫ్ట్‌వేర్ ప్రపంచానికి బాగా తెలిసిన విషయం. జావా భాషలో దానికి ఒక అధికారిక హెచ్చరిక కూడా ఉంది. ‘అన్‌చెక్డ్ కాస్ట్’ అనే ఆ మాటను చూడని జావా ప్రోగ్రామర్ ఉండడు. అది ఎందుకు పుట్టిందో పట్టించుకున్నవారు తక్కువ.

నేపర్‌విల్‌కు ఈ కథలో చోటు రెండు రకాలుగా ఉంది. మొదటిది బెల్ లాబ్స్. ఆ సంస్థ 1966లో ఇక్కడ ఇండియన్ హిల్ అనే పేరుతో ఒక ప్రయోగశాలను తెరిచింది. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలను నడిపే ఎలెక్ట్రానిక్ స్విచ్చుల పని ప్రధానంగా ఇక్కడ సాగేది. వాటిలో పేరుపడ్డ 5ఈఎస్ఎస్ స్విచ్చు 1982లో ఇలినాయ్ రాష్ట్రంలోనే సెనెకా అనే చిన్న ఊళ్ళో మొదటిసారి పనిలోకి వచ్చింది. 1980లలో యూనిక్స్ యంత్రాల మధ్య ఉత్తరాలు ఒకదాని నుండి ఒకదానికి చేతులు మారుతూ వెళ్ళే కాలంలో, అమెరికాలో ఏ మూల నుండి రాసిన ఈమెయిల్ చిరునామాలోనైనా ‘ఐ హెచ్ ఎన్ పి 4’ అనే పేరు కనిపించేది. అది ఇండియన్ హిల్ నెట్‌వర్క్ ప్రాసెసర్లలో నాలుగవది. చిరునామాలో దాని పేరు మొదట పెట్టి ఆ తర్వాతి దారి రాస్తే చాలు, ఉత్తరం చేరుతుందని అప్పటివారి ధీమా.

స్విచ్చుల తయారీదారులకు మొదటినుండీ ఒక లక్ష్యం ఉండేది: నలభై ఏళ్ళలో ఎక్స్‌ఛేంజి పనిచేయని కాలం మొత్తం రెండు గంటలకు మించకూడదు. ఈ లక్ష్యం వల్ల వారికి ఒక అలవాటు వచ్చింది. జ్ఞాపకంలో ఉన్న సమాచారాన్ని వారు నమ్మేవారు కాదు. ఏ కాల్ ఏ తీగ మీద నడుస్తున్నదో చెప్పే పట్టికలు, ఖాళీ వనరుల జాబితాలు ఎప్పుడైనా చెడిపోవచ్చునని ముందే అనుకుని, ‘ఆడిట్’ అనే ప్రోగ్రాములను రాత్రింబవళ్ళు నడిపేవారు. ఆ ఆడిట్ జాబితాలోని ఒక్కొక్క లంకెనూ పట్టి చూసి, పొసగనిది కనిపిస్తే సరిదిద్దేది; సరిదిద్దడం కుదరకపోతే ఆ ఒక్క కాల్‌ను వదులుకొని మిగతా ఎక్స్‌ఛేంజిని కాపాడేది. ఆ ప్రోగ్రాములు చాలావరకు సీ భాషలో రాసినవి. సీ భాషలో ఒక బైటుల గుంపును ‘ఇది ఫలానా’ అని ప్రోగ్రామర్ అంటే కంపైలర్ ఎదురు చెప్పదు. భాష ఇవ్వని భద్రతను మనుషులు వేరే ప్రోగ్రాములతో కట్టుకున్నారన్నమాట. (అయినా తప్పులు తప్పలేదు. 1990 జనవరి 15న ఏటీ అండ్ టీ దూర కాల్‌ల వ్యవస్థ దాదాపు తొమ్మిది గంటలపాటు కుంటుపడింది. 114 స్విచ్చులు ఒకదాన్నొకటి పడగొట్టుకున్న ఆ సంఘటనకు మూలం ఒక సీ ప్రోగ్రాములో చోటు తప్పిన ‘బ్రేక్’ అనే ఒక్క మాట.)

1996లో ఏటీ అండ్ టీ నుండి విడిపోయి లూసెంట్ ఏర్పడినప్పుడు బెల్ లాబ్స్ దాని వెంట వెళ్ళింది. ఆ బెల్ లాబ్స్‌లోనే, అయితే నేపర్‌విల్‌లో కాదు, న్యూజెర్సీలోని మరీ హిల్‌లో, ఫిలిప్ వాడ్లర్ అనే శాస్త్రజ్ఞుడు పనిచేసేవారు. జావా హెచ్చరిక పుట్టుపూర్వోత్తరాలు ఆయనా, మార్టిన్ ఓడెర్‌స్కీ కలిసి చేసిన పనిలో ఉన్నాయి.

రెండవ కారణం తెలుగువారికి మరింత దగ్గరిది. నేపర్‌విల్, దాన్ని ఆనుకుని ఉన్న ఆరోరా ఇవాళ షికాగో పరిసరాల్లో తెలుగు కుటుంబాలు స్థిరపడిన చోట్లు. ఈ కుటుంబాల్లో ఒక తరం ఇక్కడికి వచ్చిన కాలమూ జావా పెద్ద కంపెనీల్లో వేళ్ళూనిన కాలమూ ఒకటే. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 1998 అక్టోబరులో వాడ్లర్ బృందం జెనెరిక్స్ పత్రం వాంకూవర్ సమావేశంలో వెలువడింది. నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమయింది. డిసెంబరులో కలెక్షన్స్ లైబ్రరీతో కూడిన జావా 1.2 విడుదలయింది. అమీర్‌పేట శిక్షణాకేంద్రాల్లో కోర్ జావా నేర్చుకుని, 2001 నుండి 2003 వరకు ఏటా 1,95,000కు పెరిగిన హెచ్-1బీ వీసాల మీద వచ్చినవారు నేర్చుకున్న జావాలో ఈ హెచ్చరిక లేదు. ఉద్యోగంలో కుదురుకున్నాక, 2004లో, అది వారి ముందుకు వచ్చింది.

*

మొదటి జావాలో జాబితా అంటే ఏ వస్తువునైనా వేసుకోగల సంచి. అందులోంచి తీసేటప్పుడు వస్తువు ‘ఆబ్జెక్ట్’గానే చేతికొస్తుంది. అది స్ట్రింగ్ అని తెలిసినవాడు ‘స్ట్రింగ్’ అని కాస్ట్ రాసుకోవాలి. యంత్రం ఆ క్షణంలో పరీక్షించి, కాకపోతే అక్కడికక్కడే ‘క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్’ విసిరేది. చిరాకైన పద్ధతే కాని నిజాయితీ ఉన్న పద్ధతి: కాస్ట్ ఎక్కడ రాశావో తప్పు అక్కడే బయటపడుతుంది.

ఈ చిరాకును తీర్చడానికి 1990ల చివర్లో చాలామంది పూనుకున్నారు. ఓడెర్‌స్కీ, వాడ్లర్ ‘పిజ్జా’ అనే భాషను 1997లో ప్రకటించారు. అదే సంవత్సరం బార్బరా లిస్కోవ్ బృందం ‘పాలీజే’ను ప్రతిపాదించింది. 1998లో గిలాడ్ బ్రాఖా, డేవిడ్ స్టౌటమైర్ కూడా కలిసి ‘జీజే’ తయారయింది. అదే సమావేశంలో కార్ట్‌రైట్, స్టీల్ ‘నెక్స్ట్‌జెన్’ను చూపించారు. వీటి మధ్య అసలు తేడా ఒక్క ప్రశ్న మీద నడిచింది. ‘లిస్ట్<స్ట్రింగ్>’ అని ప్రోగ్రామర్ రాసిన దాంట్లో ఆ ‘స్ట్రింగ్’ ప్రోగ్రాము నడిచే వేళకు మిగిలి ఉండాలా, అక్కర్లేదా?

జీజే అక్కర్లేదని తేల్చింది. కంపైలర్ టైపులన్నీ సరిచూస్తుంది. చూసిన తర్వాత కోణాల బ్రాకెట్లలో ఉన్నదంతా చెరిపేస్తుంది. కావలసిన చోట్ల కాస్ట్‌లను తానే చొప్పిస్తుంది. దీన్నే ‘ఎరేజర్’, చెరిపివేత అన్నారు. చెరపడానికి కారణం బద్ధకం కాదు. అప్పటికే కోట్ల వరసల జావా ప్రపంచంలో నడుస్తూ ఉంది. జావా వర్చువల్ మెషీన్‌ను మార్చకుండా, పాత లైబ్రరీలను ముట్టుకోకుండా, పాత కోడూ కొత్త కోడూ ఒకదాన్నొకటి పిలుచుకోగలిగితేనే కంపెనీలు జెనెరిక్స్‌ను తీసుకుంటాయి. పాతదానికి భవిష్యత్తు భరోసా ఇవ్వడమే ఆ పత్రం శీర్షికలోని ఆశయం. టైపు లేని పాత ‘లిస్ట్’ను ‘రా టైప్’ అన్నారు. పాత లిస్ట్ కొత్త ‘లిస్ట్<స్ట్రింగ్>’ స్థానంలోకి వచ్చినప్పుడు కంపైలర్ ఆపదు, కాని తన పూచీ లేదని చెబుతుంది. అన్‌చెక్డ్ హెచ్చరిక బీజం ఇదే. అంటే ఇది దోషాన్ని పట్టుకునే హెచ్చరిక కన్నా పూచీకత్తు రద్దు చేసుకునే నోటీసు వంటిది. 1999లో జేఎస్ఆర్ 14గా మొదలైన ఈ ప్రయత్నం 2004 సెప్టెంబరు 30న జావా 5గా బయటికి వచ్చింది. ఓడెర్‌స్కీ జీజే కోసం రాసిన కంపైలర్ అంతకుముందే, జావా 1.3 నాటికే, అధికారిక కంపైలర్‌కు ఆధారమైంది. ఆయన ఆ తర్వాత స్కాలా భాషను నిర్మించడం వేరే కథ.

చెరిపివేత అంటే ఏమిటో తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. పి, ఏ, డి, ఐ అనే నాలుగు ఆంగ్లాక్షరాలను ఈమెయిల్‌లో చూసినవారు దాన్ని ‘పది’ అని చదవాలో, ‘పడి’ అని చదవాలో, ‘పాడి’ అని చదవాలో పక్క మాటలను బట్టి నిర్ణయించుకుంటారు. రాసినవారి మనసులో తేడా ఉంది. కాగితం మీదికి వచ్చేసరికి అది చెరిగిపోయింది. చదివేవారు ఊహతో తిరిగి తెచ్చుకుంటున్నారు. ఊహ తప్పినా వెంటనే తెలియదు, రెండు వాక్యాల తర్వాత అర్థం చెడినప్పుడు తెలుస్తుంది. 1990ల తొలినాళ్ళలో రైస్ విశ్వవిద్యాలయంలో రామారావు కన్నెగంటి, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతి ఈ బాధకే మందు. చిన్న డి అయితే ‘ద’, పెద్ద డి అయితే ‘డ’. చిన్న ఏ అయితే హ్రస్వం, పెద్ద ఏ అయితే దీర్ఘం. యూజ్‌నెట్‌లోని తెలుగు చర్చావేదికలో ఈ పద్ధతిలో రాసినదాన్ని యంత్రం మళ్ళీ తెలుగు లిపిలోకి తెచ్చేది. తేడాను రాతలోనే భద్రపరిచింది కాబట్టి తిరుగుదారి నిక్కచ్చిగా ఉంది. జావా జాబితాలను రాసే పద్ధతిలో ఆ పెద్ద డి లేదు.

*

వస్తువులను బైటుల వరసగా మార్చి దాచుకోవడం, పంపడం, తిరిగి వస్తువులుగా చేసుకోవడం జావాకు 1997లో వెర్షన్ 1.1తో వచ్చింది. మొదటిది సీరియలైజేషన్, తిరుగుదారి డీసీరియలైజేషన్. జెనెరిక్స్ దీనికి ఏడేళ్ళ తర్వాత వచ్చాయి. ఏడేళ్ళ తేడాతో పుట్టిన ఈ రెండింటికీ ఒకదాని గురించి ఒకటి ఏమీ తెలియదు.

బైటుల వరసలో ఏముంటుందో చూస్తే సంగతి విశదమవుతుంది. మొదట ఏసీ, ఈడీ అనే రెండు గుర్తు బైట్లు. తర్వాత వెర్షన్ సంఖ్య 5. ఆ తర్వాత క్లాసు పేరు, దాని గుర్తింపు సంఖ్య, ఫీల్డులు, విలువలు. జాబితా అయితే ‘అరేలిస్ట్’ అని రాసి ఉంటుంది. ఏ వస్తువుల అరేలిస్ట్ అన్నది ఎక్కడా ఉండదు. లోపలి వస్తువులు మాత్రం తమ తమ క్లాసు పేర్లను తామే మోసుకొస్తాయి. కాబట్టి పోయింది వస్తువుల సంగతి కాదు, సంచి మీద ఉన్న మాట. ఖాళీ జాబితాను తీసుకుంటే ఇది మరీ స్పష్టం: స్ట్రింగుల ఖాళీ జాబితాకూ పూర్ణాంకాల ఖాళీ జాబితాకూ బైటులు అక్షరాలా ఒక్కటే. ఏ పరీక్ష పెట్టినా వాటిని విడదీయలేము. విడదీయడానికి అక్కడ ఏమీ లేదు.

చదివేచోట ‘రీడ్‌ఆబ్జెక్ట్’ అనే మెథడ్ ఇచ్చేది ఒట్టి ‘ఆబ్జెక్ట్’. దాన్ని ‘లిస్ట్<స్ట్రింగ్>’ అని కాస్ట్ చేస్తే నడిచేవేళ యంత్రం పరీక్షించేది ఒక్కటే, అది లిస్టా కాదా అని. స్ట్రింగ్ సంగతి పరీక్షించడానికి ఆధారం లేదు. అందుకని కంపైలర్ ముందే హెచ్చరిస్తుంది. లోపల పూర్ణాంకం ఒకటి దూరి ఉంటే కాస్ట్ దగ్గర ఏమీ జరగదు. జాబితా చేతులు మారుతుంది, క్యాష్‌లో కూర్చుంటుంది, వేరే మాడ్యూల్‌కు చేరుతుంది. ఎక్కడో ఒకచోట ఎవరో దాంట్లోంచి మాట తీసి దాని పొడవు అడిగినప్పుడు, కాస్ట్ అనే మాటే కనిపించని వరసలో క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ పడుతుంది. ఆ కాస్ట్ కంపైలర్ చొప్పించినది. జావా భాషా నిర్వచనం ఈ స్థితిని ‘హీప్ పొల్యూషన్’ అంటుంది. పాత జావాలో ఉన్న నిజాయితీ ఇక్కడే పోయింది. తప్పు చేసినవాడొకడు, రాత్రి రెండింటికి ఫోను మోగేది ఇంకొకడికి.

2004 తర్వాత పాత కోడును జావా 5లోకి తెచ్చినవారికి ఇది నిత్యానుభవం. వెబ్ సెషన్ నుండి తీసిన జాబితా, క్యాష్ నుండి తీసిన మ్యాప్, ఆర్ఎంఐ ద్వారా వచ్చిన సమాచారం, అన్నీ ఆబ్జెక్టులుగానే చేతికొస్తాయి. అన్నిటికీ కాస్ట్ కావాలి. ప్రతి కాస్ట్‌కూ హెచ్చరిక. కంపైలర్ మామూలుగా వాటిని విడివిడిగా చూపదు, ‘సరిచూడని పనులు ఉన్నాయి’ అని ఒక్క వాక్యం చెప్పి ఊరుకుంటుంది. వివరం అడిగితే చూపిస్తుంది కాని, నూరు దాటాక ఆపేస్తుంది. అంతకన్నా కావాలంటే ఆ హద్దు పెంచమని వేరే చెప్పాలి. పెద్ద కోడులో ఆ నూరు అయిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఇలాంటప్పుడు మనిషి చేసేదే ప్రోగ్రామర్లూ చేశారు. జావా 5 తోనే ‘సప్రెస్‌వార్నింగ్స్’ అనే గుర్తు కూడా వచ్చింది. దాన్ని క్లాసు నెత్తిన ఒక్కసారి పెడితే ఆ క్లాసులోని ఆ రకం హెచ్చరికలన్నీ మాయమవుతాయి. ఇంటికి గంట కట్టి, మోత భరించలేక నాలుక ఊడబీకినట్టు.

దీనికి సరైన వాడుకను స్థిరపరచినది కలెక్షన్స్ లైబ్రరీని రూపొందించిన జాషువా బ్లాక్. ‘ఎఫెక్టివ్ జావా’ రెండవ ముద్రణలో ఆయన ఇచ్చిన సలహా స్థూలంగా ఇది: హెచ్చరికను తొలగించగలిగితే తొలగించు, తొలగించలేక, కాస్ట్ సురక్షితమని నిరూపించుకోగలిగితే మాత్రమే అణచు, అణిచేటప్పుడు వీలైనంత చిన్న పరిధిలో, ఒక్క చరరాశి ప్రకటన మీద పెట్టు, ఎందుకు సురక్షితమో పక్కన రాయి. చివరి నియమమే అన్నిటికన్నా విలువైనది, అన్నిటికన్నా తక్కువగా పాటించేదీ అదే. తానే రాసి తానే చదువుకునే ఫైలు అయితే ‘ఈ జాబితాను ఫలానా మెథడ్ తప్ప ఎవరూ రాయరు’ అని రాయవచ్చు. నెట్‌వర్కు మీద వచ్చినదైతే అలా రాయడానికి చెయ్యి రాదు. రాయలేకపోతే, అణచడానికి హక్కు లేదన్నమాట.

ఆ హక్కు లేనిచోట చేయవలసినది ఇండియన్ హిల్ ఆడిట్ వంటిదే. వచ్చిన ఆబ్జెక్ట్‌ను మొదట ‘లిస్ట్<?>’గా, అంటే ఏవో తెలియని వస్తువుల జాబితాగా, కాస్ట్ చేయాలి. ఇందుకు హెచ్చరిక రాదు, ఎందుకంటే ఇందులో అబద్ధం లేదు. తర్వాత ఒక్కొక్క వస్తువునూ ‘స్ట్రింగ్’ క్లాసుకు ఉన్న ‘కాస్ట్’ మెథడ్‌తో పరీక్షించి కొత్త ‘అరేలిస్ట్<స్ట్రింగ్>’లో వేసుకోవాలి. తప్పు ఉంటే గుమ్మం దగ్గరే దొరుకుతుంది. జాబితా పొడవంత పని అవుతుంది, నిజమే. కాని బైటుల నుండి వస్తువులను కట్టడానికి అప్పటికే అంతకు మించిన పని జరిగింది. వేగం పేరు చెప్పి దీన్ని తప్పించుకునేవారి వాదం చాలా సందర్భాల్లో నిలవదు.

లైబ్రరీలోనే ఉన్న ‘చెక్డ్‌లిస్ట్’తో ఒక భ్రమ ఉంది. అది జాబితా చుట్టూ కాపలా పెడుతుంది కాని, ఆ కాపలా కొత్తగా లోపలికి వచ్చేవాటికే. ముందే లోపల ఉన్నవాటిని అది చూడదు. డీసీరియలైజ్ అయిన జాబితాకు చుట్టితే ప్రయోజనం లేదు. ఖాళీ జాబితాకు చుట్టి, వచ్చినవాటిని అందులోకి పోయాలి.

అంతకన్నా ప్రమాదకరమైన భ్రమ ఇంకొకటి. ‘లిస్ట్<స్ట్రింగ్>’ ఫీల్డుతో ఒక చిన్న క్లాసు రాసి, జాబితాకు బదులు ఆ క్లాసు వస్తువునే సీరియలైజ్ చేస్తే హెచ్చరిక పోతుంది. క్లాసుకు జెనెరిక్ పరామితులు లేవు, కాబట్టి కాస్ట్ పూర్తిగా పరీక్షకు నిలుస్తుంది, కంపైలర్ మౌనం వహిస్తుంది. ఈ ఉపాయాన్ని మెచ్చుకునేవారు చాలామంది. కాని ఆ ఫీల్డును నింపేది డీసీరియలైజేషన్ యంత్రాంగం. దాని దృష్టిలో ఫీల్డు టైపు చెరిపిన తర్వాతి ‘లిస్ట్’ మాత్రమే. లోపల పూర్ణాంకాలు ఉన్నా అది నింపేస్తుంది. ప్రమాదం అంతే ఉంది, చెప్పే నోరు పోయింది. హెచ్చరిక లేకపోవడమూ భద్రత ఉండడమూ ఒకటి కావని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఆ క్లాసులో సొంత ‘రీడ్‌ఆబ్జెక్ట్’ రాసి అక్కడ వస్తువులను పరీక్షించినప్పుడే ఆ ఉపాయం ఉపాయం అవుతుంది.

జెనెరిక్ కాని పాత అరే మాత్రం ఈ బాధ లేనిది. ‘స్ట్రింగ్’ అరే తన టైపును నడిచేవేళ కూడా మోస్తుంది, బైటుల వరసలోనూ రాస్తుంది, కాస్ట్ నిజంగా పరీక్షకు వస్తుంది. జాబితాను అరేగా మార్చి పంపడం పాతకాలపు పద్ధతి అనిపించినా, అందులో తప్పు పట్టవలసినది లేదు.

*

జాబితాలు ఎక్స్‌ఎమ్ఎల్, ఆపైన జేసన్ రూపంలో ప్రయాణించడం మొదలయ్యాక ప్రశ్న తలకిందులయింది. జేసన్‌లో సంచి మీది మాటే కాదు, వస్తువుల క్లాసు పేర్లు కూడా ఉండవు. ఏం చదువుతున్నామో చదివేవారే చెప్పాలి. కాని ‘లిస్ట్<స్ట్రింగ్>’ క్లాసు అని జావాలో అడగడానికి వీల్లేదు; అలాంటి క్లాసు లేదు. దారి చూపినది నీల్ గాఫ్టర్. చెరిపివేత వస్తువుల దగ్గర పూర్తిగా జరుగుతుంది గాని, క్లాసుల ప్రకటనల దగ్గర జరగదు: ఒక క్లాసు ఏ జెనెరిక్ క్లాసు నుండి దిగివచ్చిందో ఫైలులో రాసే ఉంటుంది, రిఫ్లెక్షన్‌తో చదవవచ్చు. కాబట్టి పేరు లేని ఒక ఉపక్లాసును పుట్టించి, దాని తల్లి పేరులో కావలసిన టైపును దాచి, అడిగి తెలుసుకోవచ్చు. 2006లో ఆయన వివరించిన ఈ కిటుకుకు ‘సూపర్ టైప్ టోకెన్’ అని పేరు. జీసన్‌లోని ‘టైప్‌టోకెన్’, జాక్సన్‌లోని ‘టైప్‌రెఫరెన్స్’ ఇవే. చివర ఖాళీ మీసాల బ్రాకెట్లు ఎందుకు పెట్టాలో తెలియకుండా వాటిని నకలు చేసుకునేవారికి సమాధానం ఇది: ఆ బ్రాకెట్లే ఉపక్లాసును పుట్టిస్తాయి.

టోకెన్ వాడకుండా ‘లిస్ట్’ అని మాత్రం చెప్పి, ఆపైన కాస్ట్ చేసుకుంటే మళ్ళీ పాత కథే. జాక్సన్ తనకు తెలియని వస్తువును ‘లింక్డ్‌హ్యాష్‌మ్యాప్’గా కడుతుంది, జీసన్ తెలియని సంఖ్యను ‘డబుల్’గా తీసుకుంటుంది. ‘లింక్డ్‌హ్యాష్‌మ్యాప్‌ను ఫలానా క్లాసుగా మార్చలేము’ అన్న ఎక్సెప్షన్‌ను ఎన్నడూ చూడనివారు ఈ వృత్తిలో అరుదు. అది కనిపించిన ప్రతిసారీ వెనక ఎక్కడో అణచిన హెచ్చరిక ఒకటి ఉండి ఉంటుంది.

*

ఇంతవరకు చెప్పినది చెడు కోడు గురించి. చెడు ఉద్దేశంతో పంపిన బైటుల సంగతి 2015లో బయటపడింది. ఆ సంవత్సరం జనవరిలో క్రిస్ ఫ్రోహాఫ్, గేబ్రియల్ లారెన్స్ ఒక భద్రతా సమావేశంలో, ఎందరో వాడే అపాచీ కామన్స్ కలెక్షన్స్ లైబ్రరీలోని క్లాసులను గొలుసుగా పేర్చి, డీసీరియలైజ్ చేసినంత మాత్రాన అవతలి యంత్రం మీద కావలసిన ఆజ్ఞ నడిపించవచ్చునని చూపారు. నవంబరునాటికి పేరున్న జావా సర్వర్లు చాలావాటి మీద ఆ దాడి పనిచేస్తుందని తేలింది. ఇక్కడ కాస్ట్‌కు సంబంధించిన సంగతి ఒకటుంది. ‘రీడ్‌ఆబ్జెక్ట్’ వస్తువును కడుతుంది. కట్టేటప్పుడు ఆ క్లాసుల కోడు నడుస్తుంది. అంతా అయ్యాక గాని కాస్ట్ రాదు. సరిచూసిన కాస్ట్ అయినా, సరిచూడనిది అయినా అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగిన సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. 2017లో జావా 9తో వచ్చిన వడపోత సదుపాయం పరీక్షను కట్టడానికి ముందుకు జరిపింది: ఏ క్లాసులు రావచ్చునో చదివేవారు ముందే చెబుతారు, మిగతావి వస్తువులుగా మారకముందే ఆగిపోతాయి. జావా శిల్పుల్లో ముఖ్యుడైన మార్క్ రైన్‌హోల్డ్ 2018లో సీరియలైజేషన్‌ను 1997లో చేసిన ఘోరమైన పొరపాటుగా బాహాటంగా ఒప్పుకున్నారు.

చెరిపివేతను తిట్టిపోసేవారు సాధారణంగా మైక్రోసాఫ్ట్ వైపు వేలు చూపుతారు. డాన్ సైమ్, ఆండ్రూ కెన్నెడీ రూపొందించిన డాట్‌నెట్ జెనెరిక్స్ 2005లో వెర్షన్ 2.0తో వచ్చాయి. అక్కడ చెరిపివేత లేదు. స్ట్రింగుల జాబితా నడిచేవేళ కూడా స్ట్రింగుల జాబితాయే. కాస్ట్ నిజంగా పరీక్షిస్తుంది. అందుకు వారు చెల్లించిన మూల్యం పాత కలెక్షన్లను పక్కన పెట్టి, జెనెరిక్ కలెక్షన్లను వేరే లైబ్రరీగా కట్టుకోవడం. 2020లో బ్రయన్ గెట్జ్ చెరిపివేతను సమర్థిస్తూ రాసిన వ్యాసంలో వాదన ఇదే: అందరూ ఒకే రోజున మారవలసిన అగత్యం లేకుండా, ఎవరి వీలును బట్టి వారు మారే దారి జావాకు కావలసి వచ్చింది. ఇరవై ఏళ్ళ కోడును మోస్తున్న బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో పనిచేసినవారికి ఈ వాదన బలం తెలుసు.

కాని డాట్‌నెట్ కథలో విశేషం వేరే ఉంది. అక్కడి బైనరీఫార్మాటర్ జాబితా పూర్తి టైపును, లోపలి స్ట్రింగ్‌తో సహా, బైటుల్లో రాసేది. జావాలో పోయిందని ఇంతగా బాధపడిన ఆ మాట అక్కడ భద్రంగా ఉంది. అయినా ఆ ఫార్మాటర్ జావా సీరియలైజేషన్ పడిన గుంటలోనే పడింది, సరిగ్గా టైపును బైటుల నుండి తీసుకున్నందువల్లనే. ఏ క్లాసును కట్టాలో పంపినవాడు చెబుతుంటే, ఆ పంపినవాడు ఎవడైనా కావచ్చు. మైక్రోసాఫ్ట్ 2024లో డాట్‌నెట్ 9తో దాన్ని పనిచేయకుండా చేసింది. సంచి మీద మాట ఉండడం వేరు, ఆ మాటను నమ్మడం వేరు. జావా ప్రోగ్రామర్ చెరిపివేత వల్ల విధిలేక చేసే పని, అంటే ఏం రావాలో తానే చెప్పి, వచ్చినదాన్ని ఒక్కొక్కటిగా పరీక్షించి తీసుకోవడం, డాట్‌నెట్ వారికీ చివరికి తప్పలేదు. అన్‌చెక్డ్ హెచ్చరిక ఆ పనిని గుర్తుచేస్తున్నంతకాలం దాన్ని భాషలోని లోపం అని మాత్రమే అనడం అన్యాయం. నోరు మూయించినవారి పాలిట మాత్రం అది లోపమే.

అరేలిస్ట్‌కు సీరియలైజేషన్‌లో ఒక గుర్తింపు సంఖ్య ఉంది: 8683452581122892189. జెనెరిక్స్ వచ్చినా, లోపలి నిర్మాణం పలుమార్లు మారినా, ఆ సంఖ్యను మార్చలేదు. జెనెరిక్స్ అన్న మాట ఇంకా పరిశోధనా పత్రాల్లోనే ఉన్న 1998 డిసెంబరులో, జావా 1.2తో స్ట్రింగుల అరేలిస్ట్ ఒకదాన్ని ఎవరైనా ఫైలులో రాసి ఉంటే, నేపర్‌విల్‌లో ఇవాళ ఏ ఆఫీసులోనైనా కొత్త జావా దాన్ని చదువుతుంది. చదివి, ‘లిస్ట్<స్ట్రింగ్>’గా కాస్ట్ చేసే వరస దగ్గర హెచ్చరిస్తుంది.